పక్కవాళ్ళ అంతస్తు

వుడ్‌ల్యాండ్స్‌లోని ఆ పాత బ్లాకులో లిఫ్టు ఒకటి, ఆరు, పదకొండు అంతస్తుల్లోనే ఆగుతుంది. చుట్టుపక్కల బ్లాకుల్లో అన్ని అంతస్తుల్లోనూ ఆగేలా మార్చారు గానీ దీన్ని మార్చలేదు. ఎనిమిదిలో ఉండే రాజకుమారి రోజూ ఆరులో దిగి, కూరల సంచీతో రెండు అంతస్తులు మెట్లెక్కుతుంది. అద్దె తక్కువని తీసుకున్న ఫ్లాటు అది. ఆమె భర్త శ్యాంసుందర్ అప్పట్లో ఆ మెట్లు రెండేసి చొప్పున దూకేవాడు.

ఇప్పుడతను చక్రాల కుర్చీలో ఉన్నాడు. ఐదు నెలల కిందట బైకు మీంచి పడి నడుం దెబ్బతింది. డాక్టరు దగ్గరికి వెళ్ళాలంటే నలుగురు మగవాళ్ళు కుర్చీతో సహా కిందికి మోయాలి. సైన్స్ పార్క్‌లోని ఆఫీసువాళ్ళు ఇన్నాళ్ళూ ఓపిక పట్టి, సోమవారం నుంచి రోజూ రావాలని, లేకపోతే ఉద్యోగం ఉండదని రాశారు. ఉద్యోగం పోతే ఈ దేశంలో ఉండనిచ్చే పాసు పోతుంది, పాసు పోతే సామాను సర్దుకోవడమే. రోజూ మోయడానికి నలుగురెక్కడ దొరుకుతారు?

శనివారం సాయంత్రాలు పదకొండో అంతస్తులో, దానయ్య ఇంట్లో తెలుగువాళ్ళ ప్రార్థన కూడిక జరుగుతుంది. రాజకుమారి తాత పాస్టరు. కీర్తనలన్నీ ఆమెకు నోటికొచ్చు. దేవుణ్ణి కోట అంటుంది, కేడెం అంటుంది, కాపరి అంటుంది, పది నిమిషాలు ఎక్కడా తడుముకోదు. "ఎంత చక్కగా చేశారండీ" అంటారు అందరూ. అంతే, ఏమీ రాదు. కనీసం ఒక మేకు కూడా రాలి పడదు.

దానయ్య తల్లి కొండమ్మకి మాత్రం పిలిచినవి పిలిచినట్టు వస్తాయి. ఆమె ఒంగోలు దగ్గర ముప్పై ఏళ్ళు పొగాకు గ్రేడింగు చేసిన మనిషి, మనవల్ని చూసుకోవడానికి వచ్చింది. అక్షరం ముక్క రాదు. మొదటి వారమే కళ్ళు మూసుకుని, "తండ్రీ, నువ్వు నాకు నులక మంచానివి. ఎంత వంకరగా పడుకున్నా వంగి మోస్తావు" అంది. కళ్ళు తెరిచేసరికి గుమ్మం బయట మంచం ఉంది. కారిడార్‌కి అడ్డంగా ఉంటే నోటీసు అంటిస్తారని దానయ్య దాన్ని గోడకు నిలబెట్టాడు. తర్వాత అందరూ టీ తాగారు.

ఆ మర్నాటి నుంచి రాజకుమారికి అన్నం సయించలేదు. ఆ మంచం తనకెందుకు, పరుపుంది. కానీ ఆ ముసలామెకి వచ్చి తనకి రాలేదే! మరో శనివారం కొండమ్మ "నువ్వు నా చాటవి, తాలంతా చెరిగి గింజ మిగులుస్తావు" అంటే ఒళ్ళో చాట పడింది. అందరూ ఆమెన్ అన్నారు. రాజకుమారి కూడా అంది, పళ్ళ మధ్య నుంచి. మూడు తరాల విశ్వాసం తమది. నిన్న కాక మొన్న విమానం దిగిన మనిషి దగ్గరా దేవుడు ఇలా కూర్చోవడం?

ఈర్ష్య మనిషిచేత ఏ పనైనా చేయిస్తుంది. ఒకరోజు పడగ్గది తలుపేసుకుని, "నువ్వు నా నులక మంచానివి" అని కొండమ్మ మాటలే అచ్చంగా అప్పజెప్పింది. పుట్టి బుద్ధెరిగాక నులక మీద నడుం వాల్చి ఎరగదు. దబ్బున చప్పుడైంది. నాలుగు మంచం కోళ్ళు వచ్చాయి. పట్టెలు లేవు, నులక లేదు. వాటిని బట్టలారేసుకునే చోట దాచింది.

శ్యాంసుందర్ చూడనే చూశాడు. "రాజీ, ఆ కోళ్ళెక్కడివి?"

"ఎక్కడివైతేనేం."

"కొండమ్మగారిని ఒకసారి మనింటికొచ్చి ప్రార్థన చెయ్యమనొచ్చు కదా. సోమవారం వచ్చేస్తోంది."

"అవును మమ్మీ, ఆంటీని జస్ట్ అడుగు లా" అంది పన్నెండేళ్ళ ఆమని ఇక్కడి స్కూలు యాసలో, ఫోనులోంచి తలెత్తకుండా.

"మనింట్లో నోరున్నవాళ్ళెవరూ లేరా?" అంది రాజకుమారి.

ఆ శనివారం కూడిక అయ్యాక కొండమ్మే మెల్లగా దగ్గరికొచ్చింది. "అమ్మాయ్, అబ్బాయి కోసం నేనొచ్చి రెండు మాటలు చెప్పనా?"

"వద్దాంటీ, మేం చేసుకుంటున్నాంగా."

"నీ అంత బాగా నాకు రాదులే. కోటలూ అయ్యీ నేనేడ జూశా? పడుకున్న మంచం, చెరిగిన చాట, అయ్యే తెలుసు."

దెప్పుతోందని రాజకుమారి అనుకుంది. నిజానికి కొండమ్మకు దెప్పడం చేతకాదు, ఆ సంగతి రాజకుమారికీ తెలుసు. అందుకే మరింత మండింది.

సోమవారం పొద్దున ఆరున్నరకి శ్యాంసుందర్ ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, మెళ్ళో ఆఫీసు కార్డు వేసుకుని, హాల్లో కూర్చున్నాడు. మోసేవాళ్ళలో ఇద్దరు రాలేమని మెసేజి పెట్టారు. వంటింట్లో రాజకుమారి కుళాయి తిప్పి గిన్నె తోముతూ, కళ్ళు కూడా మూసుకోకుండా మొదలుపెట్టింది.

"నువ్వు కాపరివని మా తాత చెప్పాడు. గొర్రెను నేను చూసింది కూరలోనే. నాకు తెలిసింది చెప్తా విను. నువ్వు లిఫ్టువి. ఎప్పుడూ పక్కవాళ్ళ అంతస్తులోనే ఆగే లిఫ్టువి. పైన ఆగుతావు, కింద ఆగుతావు, మధ్యలో నేను నిలబడి ఉంటే గోడ వెనక చప్పుడు చేసుకుంటూ పోతావు. నాకు ఒళ్ళు మండిపోతోంది."

ఆమెన్ కూడా అనలేదు. గిన్నె బోర్లించింది.

బయట టింగుమంది.

తలుపు తీసి చూస్తే చెప్పుల స్టాండు పక్కకి జరిగి ఉంది. దాని వెనక గోడ ఉండాల్సిన చోట లిఫ్టు తలుపులు తెరుచుకుని ఉన్నాయి. లోపల మార్కెట్ సంచీతో కొండమ్మ నిలబడి ఉంది.

"ఒకటి నొక్కితే ఈడ ఆగిందేందమ్మాయ్?" అంటూ ఆమె బయటికొచ్చి దారిచ్చింది. శ్యాంసుందర్ కుర్చీ తోసుకుంటూ లోపలికెళ్ళాడు. ఆమని స్కూలు బ్యాగుతో వెనకే దూరి, "బై మమ్మీ, లేటైపోతోంది" అంది. తలుపులు మూసుకున్నాయి. ఏడు, ఆరు, ఐదు అని అంకెలు వెలుగుతూ ఒకటి దగ్గర ఆగాయి. రాజకుమారి ఇంటి తలుపు పట్టుకుని ఏడ్చింది.

కొండమ్మ చాలాసేపు ఆ స్టీలు తలుపుల కేసి చూసింది.

"ఏమని పిలిచావు?"

రాజకుమారి చెప్పింది, ఒక్క మాట దాచకుండా.

"నాకెప్పుడూ మంచాలూ చాటలే" అంది కొండమ్మ. నవ్వుతూనే అంది గానీ కళ్ళు నవ్వలేదు. ఆ చూపు రాజకుమారికి కొత్త కాదు, ఇన్ని శనివారాలూ అద్దంలో చూసుకున్నదే. ఆమెకు లోపల కొంచెం సంతోషమే కలిగింది. దాని వెనకే సిగ్గేసింది.

"లోపలికి రండాంటీ" అంది. ఇన్నాళ్ళలో ఆ మాట అనడం అదే మొదలు. "నా దగ్గర నాలుగు మంచం కోళ్ళున్నాయి. నులక ఎలా అల్లుతారో చూపిస్తారా?"

కొండమ్మ సంచీ దించి, చెప్పులు విడిచింది.