పంతులుగారింట్లో పిల్లి గిన్నె

నేను ఒక పల్చటి స్టీలు గిన్నెను. పల్చదనం నా తప్పు కాదు, నన్ను దానం ఇవ్వడానికే తయారు చేశారు. తాము వాడుకునే గిన్నెనైతే మనుషులు వేలితో కొట్టి, బరువు చూసి, అటూ ఇటూ తిప్పి మరీ కొంటారు. దానానికి కొనేటప్పుడు మాత్రం "పంతులుగారికివ్వడానికేనండీ, తేలిగ్గా ఉన్నది చూడండి" అంటారు. కాకినాడలో ఒక కొట్లో మాలాంటివాళ్ళం నలభైమందిమి ఒకరిలో ఒకరం దూరి కూర్చునేవాళ్ళం. ఒక గృహస్థు నన్ను కొని, నాలో కాసిని బియ్యం పోసి, అవధానులుగారి చేతిలో పెట్టాడు. అతని ముఖంలో పుణ్యం వచ్చేసిన వెలుగు చూసి, నాకింత విలువ ఉందా అని నేనే ఆశ్చర్యపోయాను.

అవధానులుగారు పౌరోహిత్యం చేసుకునే మనిషి. భార్య భ్రమరాంబగారితో ఒక అపార్టుమెంటు నాలుగో అంతస్తులో ఉంటారు. వాళ్ళ అటక నిండా నాలాంటి దానం గిన్నెలే. ఆరేళ్ళు నేనూ అక్కడ దుమ్ము కొట్టుకుని పడి ఉన్నాను. ఒకరోజు ఆయన పెళ్ళి చేయించి వచ్చేసరికి, సంచిలో కొబ్బరికాయల మధ్య ఓ పిల్లికూన కూడా వచ్చింది. గోధుమరంగు, గుండ్రటి ముఖం. సున్నుండ అని పేరు పెట్టుకున్నారు. కింద కుక్కలున్నాయని బయటికి వదలకుండా ఇంట్లోనే పెంచారు. దాని తిండికోసం నన్ను అటక దింపారు.

రోజూ పెరుగన్నం, లేకపోతే నెయ్యి వేసిన పప్పన్నం. తాను తినేముందు ఆయనే మెత్తగా కలిపి పెట్టేవారు. "మా సున్నుండ శుద్ధ శాకాహారి. పూర్వజన్మలో వేదం చదువుకుని ఉంటుంది" అని వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ చెప్పుకునేవారు. అది ఇష్టంగానే తినేది. ఇంకేమీ పెట్టకపోతే ఎవరైనా అలాగే తింటారు.

ఏడాది తిరిగేసరికి నాలో మెతుకులు మిగలడం మొదలైంది. పిల్లి బొచ్చు రాలిపోయింది. ఎప్పుడూ ఎక్కే కిటికీ ఎక్కలేక కిందే కూర్చునేది.

"ఏవండీ, దీనికేదో అయిందండీ. పిలిస్తే లేవటం లేదు" అని భ్రమరాంబగారు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు.

బుట్టలో పిల్లినీ, దారిలో దానికి ఆకలేస్తుందని పెరుగన్నంతో నన్నూ పెట్టుకుని పశువుల డాక్టరు దగ్గరికి వెళ్ళారు. డాక్టర్ రెహానా పిల్లిని పరీక్షించి, తర్వాత నాలోకి చూసింది.

"రోజూ ఇదేనా?"

"ఇదేనమ్మా. గడ్డ పెరుగు" అన్నారాయన, కాస్త గర్వంగానే.

"పంతులుగారూ, మాంసం లేకుండా పిల్లి బతకదండీ. దానికి కావలసినవి ఇందులో లేవు. గుండె బలహీనపడింది. ఇలాగే పెడితే చూపు పోతుంది, ఆ తర్వాత ప్రాణం పోతుంది. చేపగానీ కోడిగానీ ఉడకబెట్టి, నేనిచ్చే పొడి కలిపి పెట్టండి. ఇంట్లోనే ఉండే పిల్లి కాబట్టి గోళ్ళు గీరుకోవడానికి ఓ గోనెపట్టా, రోజూ కాసేపు ఆట కూడా ఉండాలి."

ఆయన నన్ను పక్కన పెట్టి, పిల్లి వీపు నిమిరారు. "ఇన్నాళ్ళూ నా చేత్తోనే దీన్ని చంపుకుంటున్నానా?" అన్నారు. నాకు ఆయనమీద జాలేసింది.

వాచ్‌మన్ భార్య పోలమ్మ చేప ఉడకబెట్టి ఇస్తానంది. "ముల్లు తీసేత్తానండి, ఉప్పూ కారం ఎయ్యనండి. నేనే పైకి అట్టుకొత్తాను" అంది. పంతులుగారింటికి చేప వెళ్తోందని ఊరంతా తెలిస్తే ఇంకెవరు పిలుస్తారని ఆయన భయం. అందుకని రెండుపూటలా తానే వెళ్ళి, నన్ను ఉత్తరీయం కింద దాచుకుని, లిఫ్టు మానేసి మెట్లెక్కేవారు. పైకి రాగానే స్నానం. ఇంటికి చేప వచ్చినప్పటినుంచి ఆయనంత శుభ్రంగా కాకినాడలో ఎవరూ లేరు. నాకు మాత్రం వంటింట్లోకి ప్రవేశం పోయి, బాల్కనీలో కాపురం దొరికింది.

మూడు వారాలకు సున్నుండ నన్ను అడుగంటా నాకేసి, నేలమీద అంతదూరం తోసుకుపోయింది. దెబ్బ తగిలినా నాకెంత ఆనందమేసిందో చెప్పలేను.

ఆ మర్నాడే రెండో అంతస్తు దగ్గర సత్తిరాజుగారు కనిపించారు. వచ్చేవారం ఆయన గృహప్రవేశం, చేయించేది అవధానులుగారే. లిఫ్టంటే భయం కాబట్టి, ముహూర్తం కనుక్కోవడానికి మెట్లమీదే పైకి వెళ్తూ, అలుపు తీర్చుకోవడానికి అక్కడ ఆగారు. ఉత్తరీయం కప్పిన గిన్నెను చూడగానే చెప్పులు విడిచి, కుడిచెయ్యి చాచారు.

"ప్రసాదమాండీ? కాస్త మాకూ పెట్టండి."

మడి అనో, నైవేద్యం ఇంకా కాలేదనో అంటే సరిపోయేది. అవధానులుగారి నోరు దానికే తెరుచుకుంది కూడా. కానీ భక్తిగా చాచిన ఆ చేతిని చూసి ఆగిపోయారు.

"ప్రసాదం కాదు నాయనా. చేప. మా పిల్లికి. ఇది పెట్టకపోతే అది బతకదుట."

సత్తిరాజుగారు చెయ్యి వెనక్కి తీసుకున్నారు. గృహప్రవేశం పోయిందనే అనుకున్నాను.

"మరి తింటోందాండీ?" అన్నారాయన.

"తింటోంది. నిన్న కిటికీ ఎక్కింది."

"అయితే చల్లారనివ్వకండి, పదండి. ముహూర్తం సంగతి పైకెళ్ళి మాట్లాడుకుందాం" అంటూ ఆయన చెప్పులు తొడుక్కుని పక్కకు జరిగారు.

అవధానులుగారు ఉత్తరీయం తీసి భుజాన వేసుకున్నారు. నన్ను రెండు చేతులతో పట్టుకుని, మిగిలిన రెండంతస్తులూ మూత లేకుండానే ఎక్కారు.