ఏమీ కొనని మనిషి

ముప్పై ఏళ్లుగా రంగుల దుకాణం నడుపుతున్నాను. లోపలికి వచ్చిన మనిషి కొంటాడో, బేరమాడి పోతాడో తలుపు తోసే తీరులోనే పసిగడతాను. ఆ నర్సమ్మ దగ్గర మాత్రం నా లెక్క తప్పింది.

ఒక మంగళవారం సాయంత్రం నాలుగింటికి వచ్చి, డబ్బాల పక్కనున్న స్టూలు మీద కూర్చుంది. అరవై దాటిన మనిషి. ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయ్యానంది.

"ఏం కావాలమ్మా?"

"ఏం వద్దు తమ్ముడూ. కాసేపు కూర్చుందామని."

"ఇది రంగుల కొట్టు. పార్కు కాదు."

"పార్కులో ఈ కంపు ఎక్కడిది?" అని నవ్వింది.

గంటసేపు కూర్చుంది. నా మోకాలు నొప్పి సంగతి అడిగింది. సరిగ్గా అయిదింటికి లేచి వెళ్లిపోయింది. తర్వాతి మంగళవారం మళ్లీ అదే వేళకి అదే స్టూలు.

చందాకి వస్తోందా అంటే అడగదు. పక్క వీధి కొట్టువాడి మనిషా అంటే డబ్బాల మీద ధర వైపు కూడా చూడదు. లాభం లేకుండా మనిషి గంటసేపు ఎందుకు కూర్చుంటుంది? గోడౌను చూసుకునే మా బావమరిది ఒకటే నవ్వు.

"పెళ్లిచూపులేమో బావా. గడ్డం గీసుకో."

"నోర్ముయ్. మీ అక్క పోయి ఆరేళ్లయింది. ఇప్పుడు నాకు పెళ్లా?" అన్నాను. కానీ మూడో మంగళవారం గడ్డం గీసుకునే కొట్టుకొచ్చాను. నాలుగో వారానికి సరుకు దింపే రోజును మంగళవారం నుంచి బుధవారానికి మార్చేశాను. ఎందుకని వాడడిగితే లారీవాడి వీలు అన్నాను.

ఆ బుధవారమే వాడు మా కొట్టు పైవాటాలో కుళాయి బాగుచేసి దిగి వచ్చాడు. పైన అద్దెకుండేది ఒక రిటైరైన లైన్‌మన్. తుంటి విరిగినప్పటి నుంచి మెట్లు దిగలేదు.

"పెద్దాయన మండిపడుతున్నాడు బావా. ఒంటరివాళ్ల కోసం తోడు సంఘమని ఒకటుందట. వారానికో గంట మనిషిని పంపుతామన్నారట. నాలుగు మంగళవారాలుగా నాలుగింటికి తల దువ్వుకుని, తలుపు తీసి కూర్చుంటున్నాడు. ఒక్క పురుగు రాలేదు. వచ్చే మంగళవారం కూడా రాకపోతే గడియ పెట్టేస్తాడట. ఆ తర్వాత ఎవరొచ్చినా తీయడట."

నాకు అర్థమైంది. పైకి వెళ్లాల్సిన సరుకు నా కొట్లో దిగింది. వ్యాపారంలో ఇది చిన్న విషయం. ఆ సంఘానికి ఫోను చేసి చెప్తే సరి. నేను చెయ్యలేదు. గురువారం చేద్దామనుకున్నాను, శుక్రవారం అనుకున్నాను. పెద్దాయన దువ్వుకున్న తల గుర్తొస్తే అన్నం సహించేది కాదు. అయినా చెయ్యి ఫోను మీదికి పోలేదు. నాలో ఏం జరుగుతోందో నాకే తెలియలేదు.

మంగళవారం ఆమె వచ్చి కూర్చుంది. పది నిమిషాలు సర్దిన డబ్బాలే మళ్లీ సర్దాను. పైన తలుపు ఇంకా తీసే ఉంటుంది. ఎన్ని నిమిషాలు?

"అక్కా, నీకు ఏ చిరునామా ఇచ్చారు?"

సంచిలోంచి చీటీ తీసింది. రంగుల దుకాణం ఉన్న భవనం. భార్య పోయిన ఒంటరి మనిషి. మాట కటువు.

"నువ్వే కదా?" అంది.

"ముందే అడగొచ్చుగా!"

"అడక్కూడదు. మా సంఘం నియమం. ఒంటరివాడివా అంటే మనిషి చిన్నబుచ్చుకుంటాడు. ఊరికే వెళ్లి కూర్చోవాలి, అంతే."

"అది నేను కాదు. పైవాటా ఆయన. అయిదో వారం ఎదురుచూస్తున్నాడు."

ఆమె మొహం పాలిపోయింది. సంచి అందుకుని గబగబా గుమ్మం దాటి, మళ్లీ తల లోపలికి పెట్టింది.

"మరి నువ్వు?"

"నాకేం? వచ్చేపోయేవాళ్లు బోలెడుమంది."

పైన పెద్దాయన గొంతు గట్టిగా వినబడింది. తర్వాత కుర్చీ జరిపిన చప్పుడు. గడియ పడలేదు. నా గుండె కుదుటపడాలి కదా, పడలేదు. తెల్ల రంగు అడిగిన మనిషికి నీలం డబ్బా ఇచ్చి తిట్టు తిన్నాను.

ఇంతలో పైనుంచి కేక.

"ఒరేయ్ షావుకారూ! నా నాలుగు గంటలు మింగేశావటగా! పైకి రా, కక్కు!"

"కొట్టు చూసుకోవాలి పెద్దాయనా. గురువారం వస్తాను."

"బేరాలాడకు. ఇప్పుడే రా!"

బావమరిది నవ్వు ఆపుకుంటూ కౌంటరు దగ్గరికి వచ్చాడు. పనివేళలో కౌంటరు వదలడం నాకు అదే మొదలు. పైకి వెళ్లి ఏం మాట్లాడాలో సగం మెట్లు ఎక్కినా తోచలేదు.