వంకర తిరిగిన కాలువ

...అయినా నీళ్లకేం తెలుసు ఎవరి కొట్టు ఎక్కడుందో, పల్లం చూసుకుని పోతాయి, మరి కాలువని అంటించిన ఈ నీలం కాగితం ఇక్కడెందుకు వంకర తిరిగిందని ఎవరైనా అడిగితే ఏం చెప్పాలి, మేయర్ కుర్చీలో కూర్చుని ఆమె బల్ల మీది అట్ట నమూనానే చూస్తోంది, పాత బజారు కింద సిమెంటు పలకలతో కప్పేసిన కాలువను మళ్లీ తెరవాలి, గట్టు వెంట చెట్లు, నడిచేవాళ్లకు దారి, చచ్చుబడిన నడిబొడ్డుకు మళ్లీ ప్రాణం, ఈ మాట చెప్పే కదా ఇంత చిన్న వయసులో గెలిచింది, ఇంకాసేపట్లో కౌన్సిల్ సభ్యులు ఓటుకు చేతులెత్తాలి, పలకల మీది కొట్లన్నీ కొత్త మార్కెట్టుకు పోవాలి, అన్నీ, పిన్ని కుట్టుకొట్టు ఒక్కటి తప్ప.

తనే చెప్పింది ఇంజనీరుతో, అక్కడ కాస్త పక్కకు తిప్పండి అని, అలాగే మేడమ్ అన్నాడాయన, అలాగే అన్నందుకు ఇప్పుడు ఆయన మీద కోపమెందుకు, అమ్మ పోయాక పెరిగింది ఆ కొట్టులోనే, మిషను చప్పుడులో ఎక్కాలు, వానాకాలం పలకల సందుల్లోంచి ఇంకో చప్పుడు, పిన్నీ కింద ఎవరే, కాలువే తల్లీ, పాపం ఊపిరాడక గోలపెడుతోంది, పొద్దున అదే పిన్నికి నీ కొట్టు ఉంటుందిలే అని చెబితే మురిసిపోవాలి కదా, పిన్ని మాత్రం సుద్దముక్క కింద పెట్టేసి, నాదొక్కటే ఉంచితే పక్క కొట్టాయన మొహం ఎలా చూడనే, గీసిన గీత మీదే కొయ్యాలి, అయినవాళ్లదని వంకరగా కోస్తే వేసుకున్నవాడికి చంకలో పట్టేస్తుంది, నీ కోసమే కదే పిన్నీ, నా కోసమా నీ భయం కోసమా?

ఇంతలో చెప్పులకొట్టు సభ్యుడు, ఆయన కొట్టూ పలకల మీదే, కళ్లద్దాలు ముక్కు మీదికి జార్చి వంగాడు, ఏమ్మా మేయరమ్మా, ఊరందరిదీ ఒక దారి ఉలిపికట్టెది ఒక దారా, నా కొట్టును తిన్నగా మింగిన కాలువ ఇక్కడికొచ్చేసరికి మర్యాద నేర్చుకుందేం, అందరూ నవ్వారు, ఆమె చెవులు కాలిపోయాయి, నిజమే, భయమే, ఆ కొట్టు లేకపోతే అలిసిపోయిన సాయంత్రాలు తనెక్కడికి పోవాలి, ఊళ్లో అందరికీ అలాంటి చోటొకటి ఆ పలకల మీదే ఉంది కదా, వాళ్లను మాత్రం లేవమంది.

లేచి నీలం కాగితాన్ని గోటితో పీకింది, జిగురుతో పాటు అట్ట కొంత ఊడొచ్చింది, ఊడితే ఊడనీ, తిన్నగా పరిచి అరచేత్తో అదిమింది, పిన్ని అట్టకొట్టును తీసి గుప్పిట్లో పెట్టుకుంది, మొదటి పలక ఇక్కడే లేపుతాం, ఇప్పుడు చేతులెత్తండి అంది, కాలువను తెరవాలన్న ఆశ పుట్టింది ఆ కొట్టులోనే, అది నిజం కావాలంటే ముందు పోవాల్సిందీ ఆ కొట్టే.