యోన్ కాళ్ళ దారం

వెనక సీటు పట్టీలను ఇంగ్రిద్ మూడోసారి లాగి చూసింది. సగిన్‌బెక్ అద్దంలో అది గమనించి కూడా గమనించనట్టే కారు కదిలించాడు. ఆ పట్టీలు బిగించింది అతడే. ప్రతి ఆదివారం అతడు బిగిస్తాడు, ఆమె లాగి చూస్తుంది. అనుమానం పెనుభూతం అని పెద్దలు ఊరికే అనలేదు.

సగిన్‌బెక్‌కు అరవై ఒకటి. వెడల్పాటి ముఖం, ఎండకు కమిలిన మెడ, స్టీరింగ్ పట్టిపట్టి మొద్దుబారిన అరచేతులు. ఈ బిష్కెక్ నగరంలోనే ముప్పై ఏళ్ళు ట్రాలీబస్సు నడిపాడు. ఊళ్ళోవాళ్ళ పిల్లలందరినీ పార్కులకు చేరవేశాడు గాని, సొంత పిల్లలు నలుగురినీ ఒక్కనాడైనా షికారుకు తీసుకెళ్ళిన పాపాన పోలేదు. ఆదివారం డ్యూటీ ఉండేది. ఇప్పుడీ నార్వే కుటుంబానికి డ్రైవరు. ఐవింద్ ఆనకట్ట పని మీద వచ్చిన ఇంజనీరు, ఇంగ్రిద్ అతని భార్య. ఐదేళ్ళ తీరిల్ ఇక్కడి బడిలో చేరి ఇక్కడి మాటలన్నీ పట్టేసింది. ఏడాది దాటిన యోన్‌కు ఇంకా అడుగులు కుదరలేదు.

అనుమానంలో సగిన్‌బెక్ కూడా తక్కువ తినలేదు. తమ దేశపు అలవాటని గడ్డకట్టే చలిలో పసివాణ్ణి ఆరుబయట నిద్రపుచ్చే తల్లిని ఏమనుకోవాలి?

ఊరి బయట కొండల మధ్య అలా-అర్చా లోయలో కారు దిగగానే యోన్ రెండడుగులు వేసి బోర్లాపడ్డాడు. దారి పక్కన గుర్రపు పాలు అమ్మే ఝుమాగుల్ ఫక్కున నవ్వింది.

"ఏందయ్యా సగిన్‌బెక్, మీ బుడ్డోడు ఇంకా పల్టీలేనా? కాళ్ళ బంధం ఎవరూ తెంపలేదా?"

"వాళ్ళకి ఆ ఆనవాయితీ లేదంట."

"వాళ్ళకి లేకపోతే నీక్కూడా లేదా? మనవళ్ళను ఎత్తినోడివి!"

ఆ మాట గుచ్చుకుంది. తొలి అడుగుల వేళ పిల్లల కాళ్ళకు దారం కట్టి, పరుగు పందెంలో గెలిచినవాళ్ళ చేత తెంపిస్తే నడక కుదురుతుందని ఇక్కడివాళ్ళ నమ్మకం. తన నలుగురు పిల్లల బంధాలూ ఆదివారాలే తెంచారు. నాలుగుసార్లూ అతడు బస్సులోనే ఉన్నాడు. అందుకే పోయిన వారం ఐవింద్‌ను అడిగాడు, బాబుకు బంధం తెంపుదామా అని. ఐవింద్ నవ్వుతూ తల ఊపాడు. ఐవింద్ అర్థం కాని ప్రతి మాటకూ అలాగే ఊపుతాడు. ఆ సంగతి సగిన్‌బెక్ మరిచిపోయాడు. మరిచిపోవాలనుకున్నాడు అంటేనే నిజం.

ఇంగ్రిద్ టాయిలెట్ల వైపు వెళ్ళింది. ఐవింద్ మంచుకొండల ఫొటోల్లో మునిగిపోయాడు. సగిన్‌బెక్ గడ్డిలో కూలబడి, భార్య పేనిచ్చిన నలుపు తెలుపుల ఉన్నిదారాన్ని జేబులోంచి తీసి యోన్ చీలమండలకు చుట్టి ముడి వేశాడు.

"తీరిల్ తల్లీ, ఆ రాయి కాడి నుంచి ఉరికిరా. ఫస్టొచ్చినోళ్ళే తెంపాలి."

"నేనొక్కదాన్నే కదా తాతా!"

"అయితే ఫస్టు నువ్వే. రా, రా!"

తీరిల్ రొప్పుతూ వచ్చి పడింది. సగిన్‌బెక్ చిన్న కత్తి తెరిచి ఆమె గుప్పిట్లో పెట్టి, పైన తన చెయ్యి వేశాడు. సరిగ్గా అప్పుడే ఇంగ్రిద్ తిరిగి వచ్చింది. కాళ్ళు కట్టేసిన కొడుకు, కత్తి పట్టిన కూతురు, మీదికి వంగిన డ్రైవరు ఆమెకు కనిపించారు.

ఆమె అరుపుకు ఝుమాగుల్ చేతిలో గిన్నె జారిపోయింది.

తిరుగు దారిలో తీరిల్ ఏడుస్తూ ఏదో చెప్పబోతే తల్లి కసిరింది. తర్వాత యోన్ మడమల మీదుగా దారాన్ని ఊడలాగి కింద పడేసింది. సగిన్‌బెక్‌కు ప్రాణం ఉసూరుమంది. ఊడదీసిన బంధం తెగిన బంధం కాదు. ఉద్యోగం సంగతి అతనికి తట్టనేలేదు. పిల్లాడి కాళ్ళు అలాగే ఉండిపోతాయే అన్నదొక్కటే దిగులు.

ఇంటి ముందు కారు ఆగింది. భార్యాపిల్లలు లోపలికి వెళ్ళాక ఐవింద్ తలవంచుకుని, వచ్చీరాని భాషలో, "రేపు... వద్దు. ఇంక వద్దు," అన్నాడు.

"సరే సార్. కానీ అది తెంపాలి సార్. బాబు కాళ్ళకి మళ్ళీ కట్టి, మీరే తెంపండి. ఊడదీస్తే లాభం లేదు."

ఐవింద్ తల ఊపాడు. సగిన్‌బెక్ తాళాలు అతని చేతిలో పెట్టాడు. కారు కూతపెట్టి తాళం పడింది, ఐవింద్ వెనక గేటు కూడా మూసుకుంది.

వెళ్ళబోతూ సగిన్‌బెక్ దారం కోసం కారు వెనక కిటికీ అద్దానికి ముఖం ఆనించాడు. మేడ మీద తెర కదిలింది. తనను దొంగను చూసినట్టు చూస్తున్నారని అతనికి తెలిసింది. రెండు చేతులూ కనిపించేలా పెట్టుకుని, వెనక్కి తిరగకుండా బస్టాపు వైపు నడిచాడు.

కారులో, కాళ్ళ కింది పట్టా మీద, నలుపు తెలుపుల దారం వేసిన ముడి వేసినట్టే గుండ్రంగా పడి ఉంది.