మెత్తగా నొక్కిన వేలు

ఫోనును కిటికీ గూట్లో పంచదార డబ్బాకు ఆనించి నిలబెడితే అత్తగారి మొహం మీద వెలుతురు సరిగ్గా పడుతుంది. వెనకున్న కుట్టుమిషను, దాని పక్కన కత్తిరించి పెట్టిన స్కూలు యూనిఫారాల గుట్ట కనబడకుండా కోడలు కుర్చీని కాస్త పక్కకు జరిపింది. చూసినా డాక్టరమ్మ ఏమీ అనుకోదు. అయినా మనిషి ఇంటికొస్తుంటే నాలుగూ సర్దుకోకుండా ఎలా ఉంటాం?

ఈ ఫోను వైద్యం రాకముందు పట్నం ఆసుపత్రికి వెళ్ళడమంటే గోరంత పనికి కొండంత ప్రయాణం. తెల్లవారకుండానే అద్దె కారు. కొండ మలుపుల్లో లారీల వెనక నల్లటి పొగ, అత్తగారి చేతిలో వాంతులకు కవరు. అక్కడ బల్ల మీద గంటల తరబడి ఎదురుచూపు. తీరా లోపలికి వెళ్తే, ఎలా ఉన్నారంటే బాగానే ఉన్నానని చెప్పి మళ్ళీ అదే పొగలో, అదే కవరుతో వెనక్కి రావడం. గుండె జబ్బుతో చావనుగానీ ఈ మలుపులతో చస్తానని అత్తగారు ప్రతిసారీ అనేది.

ఇప్పుడు మాట్లాడడం అయిపోగానే తెర మీద ఒక ఆకుపచ్చ ఆకు వస్తుంది. తప్పిన ప్రయాణం ఎంత, మిగిలిన ఇంధనం ఎంత, గాలిలో కలవని పొగ ఎంత, అన్నీ దాని కింద ఉంటాయి. ఆ లెక్కలు ఆవిడకు పట్టవు. "ఆకు పడిందా?" అని మాత్రం అడుగుతుంది. పడిందంటే, స్వయంగా మొక్క నాటి వచ్చినంత దర్జాగా లేచి వెళ్తుంది.

ఆ రోజు డాక్టరమ్మ తిండి గురించి, నిద్ర గురించి అడిగింది. నిద్ర బాగానే పడుతోందని అత్తగారు చెప్పింది. తర్వాత కాళ్ళలో నీరు చేరిందేమో చూడాలి, మోకాలి కింద ఎముక మీద బొటనవేలితో గట్టిగా నొక్కి తీసి చూపించమంది.

కోడలికి కొత్త పనేం కాదు. కానీ వాపు కనబడితే ఒకసారి రావలసి ఉంటుందేమోనని కిందటిసారే డాక్టరమ్మ ఒక మాట వేసి ఉంచింది. వెళ్తే ఒక్క రోజుతో తేలదు. పరీక్షలంటారు, ఉండమంటారు. బడులు తెరిచే వేళయింది, కుట్టాల్సినవి గుట్టలా పడున్నాయి. మొగుడికి మిల్లులో సెలవు దొరకదు. వేలు కాలికి తగిలేలోపే ఇదంతా తలలో తిరిగిపోయింది. తగిలాక చర్మం తడి పిండిలా లోపలికి జారబోయింది. ఆమె అక్కడే ఆగిపోయింది. ఆ వేలితో ఒక్కసారి మడత నొక్కితే ఇస్త్రీ అక్కర్లేదని ఆ వీధిలో పేరు.

"గుంటేం పడలేదండీ," అంది.

అత్తగారు కాలి వంక చూసింది. కోడలి వంక చూసింది. పాత మందులే వాడమని డాక్టరమ్మ సెలవు తీసుకుంది. ఆకు పడింది. అత్తగారు ఈసారి అడగలేదు.

ఆ పూట కోడలు ఒక చొక్కాకు కుడి చెయ్యి ఎడమవైపు కుట్టి, విప్పి, మళ్ళీ అటే కుట్టింది. అన్నం దగ్గర మొగుడు, నువ్వు ఉండబట్టి అమ్మకు ఆ తిప్పలు తప్పాయని మెచ్చుకున్నాడు. ఆమె లేచి అతని గ్లాసులో నీళ్ళు పోసింది.

మర్నాడు పొద్దున అత్తగారు మేజోళ్ళు తెచ్చి మిషను మీద పెట్టింది. ఎలాస్టిక్ కాస్త వదులు చేసి పెట్టమంది. ఉతికేకొద్దీ బిగుసుకుపోతున్నాయట.

ఎలాస్టిక్ ఉతికేకొద్దీ సాగుతుందే తప్ప బిగుసుకోదు. ఆ సంగతి కుట్టుపని చేసే మనిషికి ఒకరు చెప్పాలా? కోడలు వంగి చూసింది. అత్తగారి చీలమండ చుట్టూ తాడుతో కట్టినట్టు గాడి. అక్కడే నేల మీద చతికిలబడి, ఈసారి బలమంతా పెట్టి నొక్కి తీసింది. బొత్తాం పెడితే ఇమిడిపోయేంత గుంట, పూడకుండా అలాగే ఉండిపోయింది.

"నొప్పా అత్తయ్యా?"

"లేదు. నిన్నా లేదు. నీ వేలు అంత సుతారమని ఇన్నేళ్ళూ తెలీలేదు నాకు."

కోడలు తలెత్తలేదు. "నిన్ననే అనొచ్చుగా ఆ మాట."

"ఏమంటాను? నీ నెత్తిన చూస్తే అంత పని. నాకు చూస్తే ఆ మలుపులంటే హడలు. ఇద్దరికీ కలిసొచ్చిందని ఊరుకున్నా." ఆవిడ గొంతు తగ్గించింది. "రెండు దిళ్ళు ఎత్తు పెడితేగానీ పడుకోలేకపోతున్నా. నువ్వొక్కదానివేనా, నిద్ర పడుతోందని నేనూ బొంకాగా."

కోడలు లేచి ఫోను తీసింది. యూనిఫారాల గుట్ట కనబడుతున్నా కుర్చీ జరపలేదు. డాక్టరమ్మ రాగానే కాలు చూపించి, మళ్ళీ గట్టిగా నొక్కింది. నిన్న లేదన్నారే అని డాక్టరమ్మ అడిగింది.

"నిన్నా ఉందండీ. నేనే గట్టిగా నొక్కలేదు. రమ్మంటారేమోనని."

డాక్టరమ్మ అత్తగారిని గదిలో అటూ ఇటూ నడిపించింది, నడుస్తూనే మాట్లాడించింది. దిళ్ళ సంగతి విని రాసుకుంది. నీరు తీసే మాత్ర పెంచింది. వీధి చివరి క్లినిక్‌లో ఇప్పుడే రక్తపరీక్ష, గుండె పరీక్ష చేయించుకుంటే ఆ కాగితాలు ఇక్కడికే వస్తాయని, అవి బాగుంటే రానక్కర్లేదని, ఆయాసం వస్తే మాత్రం ఒక్క క్షణం ఆగొద్దని చెప్పింది.

"ఇంత దూరం రాకూడదనేగా ఈ ఫోను పెట్టింది. ఉన్నది చూపిస్తేనే కదా, రమ్మనాలో వద్దో నేను చెప్పగలిగేది? ఇలాగే వదిలేసుంటే అంబులెన్సులో తెచ్చేవారు."

కోడలు తలూపింది.

మధ్యాహ్నానికి కాగితాలు వెళ్ళాయి. డాక్టరమ్మ మళ్ళీ తెర మీదికి వచ్చి, కాలు ఇంకోసారి నొక్కించి చూసి, రానక్కర్లేదని చెప్పింది.

"ఆకు పడిందా?" అంది అత్తగారు.

"పడింది."

"అయితే నిన్నటిది తీసేసుకోమని చెప్పు. అది దొంగాకు."

నవ్వించడానికే అందని తెలుసు. అందుకే మరీ నవ్వు రాలేదు. కోడలు మేజోడు తిరగేసి ఎలాస్టిక్ కుట్టు ఒక్కో పోగే విప్పసాగింది. ఎదురుగా అత్తగారు కాళ్ళు ఎత్తుపీట మీద చాపుకుని కూర్చుంది. డాక్టరమ్మ కోసం ఇందాక మళ్ళీ నొక్కిన చోట, కోడలి వేలంత గుంట ఇంకా పూర్తిగా పూడలేదు.