గ్రాంటుకు పాడిన పాట

విదేశంలో, క్లైడ్ నార్త్ అనే శివారులో, కొడుకు ఇంటి సోఫా అంచున కూర్చుని, రాజవ్వ ఎదురుగా ఉన్న మైకును అనుమానంగా చూసింది. పెద్దవాళ్ల పాటలు రికార్డు చేయమని తెలుగు సంఘానికి అక్కడి నగర కౌన్సిల్ గ్రాంటు డబ్బు వచ్చింది. ఆ పని మీదే సంఘం కార్యదర్శి శివప్రసాద్ వచ్చాడు.

కిందటి బతుకమ్మ పండుగకు రాజవ్వ కట్టిన పాటను అతని భార్య వేదిక మీద పాడింది. అది ఎవరి పాటో ఒక్కరూ చెప్పలేదు.

"ఈసారన్న నా పేరు జెప్తవా బిడ్డా?"

"అయ్యో, ష్యూర్ ఆంటీ! ఎడిటింగ్‌లో పెట్టేస్తాం."

"ఎడిటింగంటే?"

"అవసరం లేనివి తీసేయడం."

"మరి నా పేరు అవసరమున్నదా, లేనిదా?"

శివప్రసాద్ నవ్వి, మైకు ఆన్ చేశాడు. ఆ నవ్వు రాజవ్వకు నచ్చలేదు. గొంతు సవరించుకుని, చప్పట్లు కొడుతూ పాట అందుకుంది. ప్రతి వరసకూ చివర వట్టి "ఉయ్యాలో" అనకుండా, "రాజవ్వ కట్టింది ఉయ్యాలో" అంటూ సాగింది.

"ఆంటీ, పేరు ఒక్కసారి చాలు కదా!"

"చాలదు బిడ్డా. చప్పట్లు నా పేరు మీదనే పడుతున్నయి, ఇగ అది తీస్తే పాట నిలువది," అని రాజవ్వ రెండో చరణంలోకి వెళ్లిపోయింది.