సరంగు గవర్రాజు చూసిన మంచుకొండ

సేఫ్టీ వారోత్సవాలకి ఏదో ఒక సినిమా వెయ్యాలి కనుక సేఫ్టీ ఆఫీసరు గురునాథరావు విశాఖపట్నంలో దొరికిన రీలు పట్టుకొచ్చాడు. డబ్బా మీద కొండా తాడూ బొమ్మలుంటే, తాడు విలువ చెప్పే డాక్యుమెంటరీ కాబోలు అనుకున్నాడు మహానుభావుడు. ముందు ఒకసారి వేసి చూసుకుందామన్న బుద్ధి మాత్రం పుట్టలేదు.

ఎనభై అయిదు మార్చి, ఆదివారం మధ్యాహ్నం. ఉక్కు ఫ్యాక్టరీ కడుతున్న చోట క్యాంటీను షెడ్డు కిటికీలకి టార్పాలిన్లు కట్టి చీకటి చేశారు. ఎత్తుల మీద ఇనప పని చేసే కలాసీలు పెళ్ళాం బిడ్డలతో సహా కిక్కిరిసి కూర్చున్నారు. ఒక జట్టుకి పెద్ద, అంటే సరంగు, గవర్రాజు. అతని పక్కన చెల్లెలు చిట్టెమ్మ. గడప దాటని మనిషిని, కాస్త మనసు మళ్ళుతుందని అతనే బతిమాలి తీసుకొచ్చాడు.

చిట్టెమ్మ మొగుడు కొండలరావు ఈ జట్టులోవాడే. చిమ్నీ మీంచి పడి చచ్చిపోయి నలభై రోజులైంది. నడుముకి బెల్టు ఉంది గాని దాని హుక్కు దేనికీ తగిలించి లేదు. సొంత నిర్లక్ష్యం అని సేఫ్టీ ఆఫీసు కాగితాల్లో రాశారు. తాగి ఎక్కాడని వీధిలో అనుకున్నారు. ఆయన అలాంటివాడు కాదని చిట్టెమ్మ పరామర్శకొచ్చిన వాళ్ళకల్లా చెప్పుకునేది. గవర్రాజు తల ఊపేవాడు. అంతకు మించి నోరు పెగిలేది కాదు.

ఎందుకంటే హుక్కు తియ్యమన్నది అతనే. ఆ సాయంత్రం ఆఖరి బోల్టు అందడానికి బెల్టు తాడు జానెడు చాల్లేదు. దిగి ఇంకో తాడు తెచ్చుకోవాలంటే షిఫ్టు అయిపోతుంది. ఒక్క నిమిషం తీసెయ్ బావా అన్నాడు. మిగిలిన పదకొండు మందీ విన్నారు. అందరూ ఎలమంచిలి పక్క ఒకే ఊరివాళ్ళు, అందరికీ పని పెట్టించింది గవర్రాజే. ఎవరూ పెదవి విప్పలేదు.

సినిమా మొదలైంది. ఆకాశం దాకా కొండ, అంతా తెలుపే. వెనక ఎవరో ముసలమ్మ, భీమిలి ఉప్పు కుప్పల్లా ఉన్నాయే అంది. ఒక దొర కాళ్ళకి బారెడేసి చెక్కలు కట్టుకుని, ఆ నిట్టనిలువు మంచు మీంచి జారాలట. ఇద్దరు కూలీలు అతని నడుం తాడు పట్టుకుని నిలబడ్డారు. ఇంగ్లీషు వ్యాఖ్యానం ఎవరికీ అర్థం కాలేదు, దాని అవసరమూ పడలేదు. దొర అంచుకి వచ్చాడు. కిందికి చూశాడు. చెయ్యి నడుం దగ్గర హుక్కు మీదికి పోయింది.

గవర్రాజుకి ఇక షెడ్డు లేదు, సినిమా లేదు. దిగ్గున లేచాడు.

"హుక్కెయ్!"

"ఏసినాం!"

చీకట్లో తలో మూలా ఉన్న పదకొండు గొంతులూ ఒక్కసారే పలికాయి. లేని బెల్టుల కోసం చేతులు నడుముల మీదికి పోయాయి. షెడ్డంతా గొల్లున నవ్వింది. గురునాథరావూ నవ్వాడు. తెర మీద దొర తాడు ఊడదీసుకుని జారిపోయాడు.

చిట్టెమ్మ నవ్వలేదు. అటు పక్కనున్న జట్టువాడు ఎల్లారావు చెయ్యి ఇంకా నడుం మీదే ఉంది. ఇదేమిటని అడిగింది. నవ్వుతూ ఉన్నవాడు కదా, చెప్పేశాడు: పైన సరంగు వెయ్యమంటే వెయ్యాలి, తియ్యమంటే తియ్యాలి, సొంతంగా ఎవడూ హుక్కు ముట్టుకోడు. చెప్పాక నాలిక కరుచుకున్నాడు.

దొర పల్టీలు కొట్టి రాళ్ళకి రెండు మూరల ఇవతల ఆగాడు. లేచి చెయ్యి ఊపాడు. చప్పట్లు మోగాయి.

"అన్నా, మీ బావని హుక్కు తియ్యమన్నది ఎవులు?"

అబద్ధం నోటి దాకా వచ్చింది. నలభై రోజులుగా దాని మీదే బతుకుతున్నాడు, ఇంకొక్కసారి ఆడితే పోయేదేముంది? కాని ఆ చేతులన్నీ చూసిన మనిషికి ఏం చెప్పగలడు?

"నానే," అన్నాడు గొణుగుతున్నట్టు. "జానెడు తాడు సాల్లేదమ్మా. నానే తియ్యమన్నాను."

లైట్లు వేశారు. జనం లేవబోతున్నారు. చిట్టెమ్మ ముఖంలో ఏడుపు లేదు. ఇన్నాళ్ళూ తాగుబోతు పెళ్ళామని అనిపించుకున్న మనిషి ఆమె. అన్న మీద జాలి కూడా కలిగింది, కలిగినందుకు ఒళ్ళు మండింది.

"ఇందాక అరిసిన గొంతుతో సెప్పు. అందరూ ఇనాల."

జట్టువాళ్ళు తలలు దించుకున్నారు. గవర్రాజు చెల్లెలి వంక చూశాడు. ఆమె చూపు తిప్పలేదు. అతను గుండెల నిండా గాలి పీల్చుకుని, కొండలరావుది తప్పు లేదని, హుక్కు తియ్యమన్నది తనేనని, గుమ్మం దాకా వెళ్ళినవాళ్ళు కూడా వెనక్కి తిరిగేలా కేక వేసి చెప్పాడు. చెప్పి అక్కడే కూలబడ్డాడు.

చిట్టెమ్మ జనాన్ని తోసుకుంటూ గురునాథరావు దగ్గరికి వెళ్ళింది.

"ఇన్నారు కదా బాబూ," అంది. "ఇప్పుడు రాయండి."